కుంకుమ పెట్టిన డిస్కులతో ఏర్పేడు దాకా

ఈ ప్రయాణం నేను కోరుకున్నది కాదు. ఉన్నమాట చెప్పేస్తున్నాను, వాసంతి పేరున్న కాగితం నా బల్ల మీదికి వచ్చిన రోజు నాకు కాఫీ కూడా సహించదు. చాలా ఏళ్ళ కిందట, చిత్తూరు దగ్గర మా చిన్న మున్సిపల్ ఆఫీసులో మేమిద్దరం ఒకే రోజు కంప్యూటర్ ఆపరేటర్లుగా చేరాం. సర్వరును ఎలా ఆపాలో, ఎలా మళ్ళీ లేపాలో ఆమెకు నేర్పింది నేనే. తర్వాత ఆమె బదిలీ మీద ఒక పెద్ద నగరపాలక సంస్థకు వెళ్ళింది, నేను ఇక్కడే ఉండిపోయాను. ఆమె ఆ నగరం రికార్డులన్నిటినీ కొత్త స్టోరేజీలోకి మార్పించి, రెండో కాపీ కోసం ఏర్పేడు అవతల ఒక సెంటరు కూడా పెట్టించి, ఇప్పుడు దాన్ని తానే నడుపుతోంది. ఊళ్ళో సర్వరు కాలినా, వరదలో మునిగినా, దూరంగా ఉన్న ఆ కాపీతో పని సాగిపోతుంది. ఇలాంటిదే కావాలని ఆమె కంటే ముందే నేనొక నోటు రాశాను. "నిధులు లేవు" అన్న రెండు ముక్కలతో తిరిగొచ్చింది. అది ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది.

మా కమిషనర్ గారు ప్రతి మీటింగులోనూ "వాసంతిని చూసి నేర్చుకోవయ్యా" అంటారు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. అలాంటిది పోయిన నెల, చుట్టుపక్కల చిన్న మున్సిపాలిటీలు కూడా తమ రెండో కాపీని ఆ సెంటర్లో దాచుకోవచ్చని కబురొచ్చింది. మా నెట్ లైను మీద అంత డేటా ఎక్కించాలంటే తాతలు దిగిరావాలి. డిస్కులు చేత్తో పట్టుకెళ్ళడమే దారి. మీ ఆఫీసుకూ ఇలాంటి కబురు వచ్చి ఉంటే ఈ రాత మీకు పనికొస్తుంది.

పొద్దున ఆరుకు చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సెక్కాను. టికెట్టు నూరు రూపాయలు దాటింది. ఒళ్ళో గుడ్డసంచి, అందులో మూడు డిస్కులు. మా ఊళ్ళో పుట్టినవాళ్ళ, పోయినవాళ్ళ రిజిస్టర్లన్నీ పేజీ పేజీ స్కాన్ చేసి వాటిలో దాచాం. కాగితపు రిజిస్టర్లు అప్పటికే చెదలపాలయ్యాయి కాబట్టి ఆ పేజీలు ఇక రెండే చోట్ల ఉన్నట్టు: మా ముసలి సర్వరులో, నా ఒళ్ళోని సంచిలో. ఆ సర్వరు ఉన్న గది వానకు కారుతుంది. అందుకని దాన్ని ఆపి మేడ మీది గదిలోకి మార్చాలని నిర్ణయించారు. ముహూర్తం ఆ రోజే, మధ్యాహ్నం మూడింటికి. ఒకసారి కరెంటు పోయి ఆగిపోతే మళ్ళీ లేవడానికి రెండు రోజులు తీసుకున్న సర్వరు అది. అయినా "కాపీలు నా దగ్గర ఉన్నాయి సార్, నిశ్చింతగా మార్చుకోండి" అని కమిషనర్ గారికి మాటిచ్చింది నేనే. ఏడాదికొక డిస్కు నింపి, డబ్బాలో ఉంచి మూత వేసి బీరువాలో పెట్టాను. వాసంతికి ఎన్ని మిషన్లున్నా ఈ శ్రద్ధ ఎక్కడిదిలే అనుకుంటూ పూతలపట్టు దాకా హాయిగా నిద్రపోయాను.

పూతలపట్టు దాటాక రోడ్డు బాగుంటుంది. ఎనిమిదిన్నరకు తిరుపతిలో దిగాను. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, శ్రీకాళహస్తి వైపు వెళ్ళే బస్సు పట్టుకుంటే ముప్పావుగంటలో ఏర్పేడు. అక్కడి నుంచి సెంటరు నాలుగు కిలోమీటర్లు. షేరు ఆటోలు పెద్ద చదువుల క్యాంపస్ వైపే పోతాయి, దీనికి విడిగా మాట్లాడుకోవాలి. నూటయాభై అడిగిన డ్రైవరు నూటికి ఒప్పుకున్నాడు. దారిలో అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.

"ఏందనా, సంచిని అట్ల కరుసుకోని కూచున్నావు? లడ్లా?"

"కాదప్పా, ఆఫీసు డిస్కులు."

"ఓ, వాసంతమ్మ కాడికా! ముందే చెప్పుంటే ఎనబైకే వచ్చుంటా గదా. ఆయమ్మ శానా మంచిదినా. మా పాప పుట్టిన కాగితం ఐదు నిమిషాల్లో తీసిచ్చింది."

దిగాక నూరూ ఇచ్చేశాను, ఆమె పేరు మీద ఇరవై తగ్గించుకోవడం నాకిష్టం లేదు.

సెంటరు చూడగానే కడుపు మండిపోయింది. తెల్లటి నేల, చల్లటి గది, ఒకదాని పక్కన ఒకటి నల్లటి బీరువాల్లాంటి మిషన్లు. మా ఆఫీసులో ఫ్యాను తిరగాలంటే దాన్ని కర్రతో తిప్పాలి. గుమ్మం పక్కన చిన్న బల్ల మీద ఒక లావుపాటి నోటుపుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. వచ్చినవాళ్ళ చేత పొగడ్తలు రాయించుకుంటోంది కాబోలు అనుకుని దాన్ని ముట్టుకోకుండా లోపలికి నడిచాను.

"రా అన్నా, రా. ఎన్నాళ్ళకు!" అంటూ వాసంతి ఎదురొచ్చింది. మనిషిలో ఏ మార్పూ లేదు, అదీ నాకు నచ్చలేదు. కాస్త గర్వం వచ్చి ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి వీలుగా ఉండేది.

సంచిలోంచి డిస్కులు తీసి బల్ల మీద పెట్టాను. ఆమె ఒకదాన్ని తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. "అన్నా, ఇదేంది? వైరు పెట్టే తావంతా ఎర్రగా ఉండాది?"

అప్పుడు చూశాను. ప్రతి ఏడాదీ ఆయుధపూజకు మా అటెండరు మునెయ్య బీరువాలోంచి డిస్కులు బయటికి తీసి బొట్లు పెడతాడు. మొదటి ఏడాది "దీనికి మొగం యాడుండాది సార్?" అని అడిగాడు. నేను పూజ హడావిడిలో ఉండి "వైరు పెట్టే వైపు" అన్నాను. ఆ మాట మీదే, ఏటేటా, తడి గంధం మీద కుంకుమ అద్ది ఆ సన్నటి రంధ్రానికే బొట్టు పెడుతూ వచ్చాడు. పక్కన నిలబడి "నిండుగా పెట్టు" అన్నదీ నేనే.

వాసంతి నవ్వలేదు. నవ్వి ఉంటే నాలుగు మాటలని సంచి సర్దుకుని వచ్చేసేవాణ్ణి. "వీటిని ఎప్పుడన్నా మళ్ళా తెరిచి చూసినావా అన్నా?" అని మాత్రం అడిగింది. నింపడం, మూత వేయడం, పూజ చేయడం. తెరవడం అనే పని ఒకటుందని నాకు తోచనే లేదు.

ఆమె మెత్తటి బ్రష్షు, స్పిరిటు తెప్పించుకుని అరగంట సేపు కుంకుమ గీకింది. ఆ సెంటర్లో ఒక పద్ధతి ఉంది. కాపీ తెచ్చినవాడు పరీక్షకు పేజీని ఎంచకూడదు, సంబంధం లేనివాళ్ళు ఒక అంకె చెప్పాలి. క్యాంటీన్ నుంచి వంటావిడ సెల్వమ్మను పిలిచారు. ఆమెది నగరి, ఇంట్లో మరమగ్గాలున్నాయట. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి "రెండునూర్ల పద్నాలుగు" అంది. మొదటి డిస్కులో రెండువందల పద్నాలుగో పేజీ తెరుచుకుంది. రెండోదాంట్లోనూ వచ్చింది. మూడోదాంట్లో చిన్న దీపం వెలిగింది, లోపల టిక్కు టిక్కుమని చప్పుడైంది, అంతే. వైరు మార్చారు, మిషను మార్చారు. గంటన్నర చూశారు. అది తెరుచుకోలేదు.

"ఇన్ని దినాలు తిరక్కుండా ఉంటే కొన్ని ఇట్లనే బిగుసుకుపోతాయి. కుంకుమ ఒకటే కాదులేన్నా," అంది వాసంతి. ఆ ఓదార్పు కూడా నాకు ముల్లులా గుచ్చుకుంది.

రెండు దాటుతుండగా క్యాంటీన్‌లో కూర్చున్నాను. రాగి సంగటి, ఊరిబిండి అనే చెనక్కాయల పచ్చడి, అరవై రూపాయలు. బాగుందని అందరూ అన్నారు, నాకు రుచి తెలియలేదు. "ఏం సామీ, ముద్ద అట్లనే ఉండాది? ఒళ్ళు బాగలేదా?" అంది సెల్వమ్మ.

"బాగానే ఉండాను లేమ్మా."

నా లెక్క వేరేగా సాగుతోంది. ఇంకో ముప్పావుగంటలో మా సర్వరును ఆపేస్తారు. అది లేవకపోతే మూడో డిస్కులోని పుట్టుకలూ చావులూ ఇక ఈ భూమ్మీద ఎక్కడా ఉండవు. ఒక్క ఫోను చేస్తే ఆగుతుంది. కానీ ఆ ఫోను వాసంతి సెంటర్లో నిలబడి, ఆమె వినేట్టు, ఆమెను చూసి నేర్చుకోమన్న మనిషికే చేయాలి. ముసలిదైనా గట్టి సర్వరు, లేవకేం చేస్తుంది అని ఒక మనసు. రేపు పోయి గుట్టుగా ఇంకో కాపీ తీసుకుంటే సరి, ఎవరికి తెలుస్తుంది అని కూడా అదే మనసు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, సర్వరు పోయినా పర్వాలేదు, ఈమె ముందు తల వంచలేను అని ఒక నిమిషం నిజంగానే అనుకున్నాను.

గాలి కోసం గుమ్మం దగ్గరికొచ్చాను. చేతులు ఊరుకోక ఆ నోటుపుస్తకం తెరిచాను. అట్ట మీద "రానివి" అని రాసి ఉంది. మొదటి పేజీలో నాకు బాగా తెలిసిన వాసంతి గుండ్రటి చేతిరాత: "జీతాల రికార్డు తిరిగి రాలేదు. కారణం: నేను తెరిచి చూడకుండానే సరే అన్నాను. వాసంతి." దాని కింద ఇంకొకటి, "మళ్ళీ నేనే." అలా మొత్తం ఏడు, ఏడూ ఆమెవే, గుమ్మంలో, ఆటో డ్రైవరు కూడా చదువుకునే చోట. తప్పు ఒప్పుకోవడంలో కూడా ఈమె నాకంటే ముందే ఉంది. అప్పుడు పుట్టిన కుళ్ళు ఇంతా అంతా కాదు. ఆ కుళ్ళుతోనే ఫోను తీశాను.

"సార్, సర్వరు ఆపొద్దండి."

"కాపీలు ఉన్నాయన్నావు కదా?"

"ఉండాయి అనుకున్నా సార్. మూడోది తెరుచుకోలేదు. నేనెప్పుడూ తెరిచి చూడలేదు."

"మునెయ్య స్క్రూలు విప్పుతున్నాడయ్యా. ఉండు," అని ఫోను పెట్టేశారు. అప్పటికి టైము మూడుకు పది నిమిషాలు తక్కువ.

వాసంతి రెండు కొత్త డిస్కులు చేతికిచ్చి, ముందు మొత్తం కాపీ తీసి, తెరిచి చూసుకున్నాకే సర్వరును కదిలించమంది. నాలుగింటి బస్సుకు తిరిగొచ్చేశాను. రెండు రోజులు కాపీ తీశాం. మునెయ్య భార్యను అంకె చెప్పమంటే నలభై ఒకటి అంది, ఆ పేజీ వచ్చింది. అప్పుడు సర్వరును ఆపి మేడ మీదికి మోసి, మళ్ళీ స్విచ్చి వేశాం. అది లేవలేదు. రెండు రోజులు కాదు, ఇప్పటిదాకా లేవలేదు.

కొత్తది వచ్చేదాకా మా ఊళ్ళో జనన ధ్రువపత్రాలన్నీ నేను మళ్ళీ ఏర్పేడు చేర్చిన ఆ రెండు డిస్కుల పుణ్యమా అని అక్కడి నుంచే వచ్చాయి. మీటింగులో కమిషనర్ గారు "వాసంతి ఉండబట్టి సరిపోయింది" అన్నారు. అందరూ తలలూపారు, నేనూ ఊపాను. నా కడుపుమంట తగ్గిందని అబద్ధం చెప్పను. ఇల్లు కాలుతుంటే బావి తవ్వేవాళ్ళను చూసి నవ్వేవాణ్ణి, ముందే తవ్వుకున్న నా బావిలో నీళ్ళున్నాయో లేదో ఒక్కసారైనా చేద వేసి చూడని మనిషిని నేను. అది ఎవరూ అనలేదు, ఆ రోజు సెంటరు నుంచి బయల్దేరే ముందు గుమ్మం దగ్గరి నోటుపుస్తకంలో ఎనిమిదో నంబరు కింద నేనే రాసి సంతకం పెట్టి వచ్చాను.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. బొట్టు డబ్బా మూత మీద పెట్టండి, డిస్కును ఇంట్లోనే ఒకసారి తెరిచి చూసుకోండి. అయినా ఏదో ఒకటి తెరుచుకోకపోవచ్చు, అందుకని జేబులో సొంత పెన్ను ఉంచుకోండి. నా తప్పు నేను ఆమె పెన్నుతోనే రాయాల్సి వచ్చింది. అది కూడా నా పెన్ను కంటే బాగా రాస్తుంది.