చేతులు కట్టుకున్న మనిషి

మా ఆఫీసు గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన మొన్న మంగళవారం పోయారు. ఆయన చోటికి కొత్తగా వచ్చినతను "సార్, పెద్దాయన పోయిండట" అని చెప్తే, "ఎవరు చెప్పారు? సరిగ్గా కనుక్కున్నావా?" అని గద్దించాను. చావు కబురును కూడా ఒక పట్టాన నమ్మని బుద్ధి నాది. ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాను. వీధి మలుపు దాకా పోయి, నాలుగోసారి లాగడానికి వెనక్కి వస్తాను. నన్ను అడ్మిన్ ఉద్యోగంలోకి తీసుకున్నవాళ్లు అది చూసే తీసుకుని ఉంటారు.

ఆయనది నానక్‌రామ్‌గూడ, నాది కడప జిల్లా. నేను చేరేనాటికి తెలంగాణ ఉద్యమం ఊపందుకుంటోంది. నోరు తెరిస్తే చాలు, ఎవరిది ఏ జిల్లానో తెలిసిపోయే రోజులు. మొదటి వారంలోనే ఆయన "ఏ ఊరు సారూ మనది?" అని అడిగారు. "ఇక్కడే, హైదరాబాదే" అన్నాను. "గట్లనా, మంచిది" అని నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఒక సాయంత్రం షేర్ ఆటోలో వెళ్తూ, వాళ్ల ఊరి దీక్షా శిబిరంలో ఆయన ముందు వరసలో కూర్చుని ఉండటం చూశాను. ఇక అప్పటి నుంచి నా కన్ను ఆయన మీదే.

మనిషి నడకా నిలబడటమూ చూసి లోపలి సంగతి చెప్పేవారు ఆయన. ఒకరోజు గేటు దాటుతున్న ఒక అమ్మాయిని చూపించి "ఆ బిడ్డకు నౌకరి పోయింది సారూ" అన్నారు. అప్పటికి నాకే తెలియదు. మర్నాడు చూస్తే నిజమే.

"నీకెవరు చెప్పారు పెద్దాయనా?"

"ఎవరు చెప్తరు? రోజు బ్యాగు భుజానికి ఏస్కొని పోతది. నిన్న రెండు చేతులతోని ఎదకు పట్టుకొని పోతుండె, సంటిపిల్లను ఎత్తుకున్నట్టు."

నేను నమ్మలేదు. లోపలి కబుర్లు ఎవరో ఈయనకు చేరవేస్తున్నారని హెచ్.ఆర్.లో ముగ్గురిని అనుమానించాను. ఆ అమ్మాయికి మంచినీళ్లిచ్చి, కాసేపు నీడలో కూర్చోబెట్టి, ఆయనే ఆటో ఎక్కించారని చాలా రోజులకు తెలిసింది.

ఆ నెలలోనే మాకు మనుషుల తీరు పసిగట్టడం మీద శిక్షణ ఇప్పించారు. చేతులు కట్టుకుని నిలబడ్డవాడు మనసు మూసుకున్నట్టనీ, తల దించుకుంటే ఏదో దాస్తున్నట్టనీ ట్రైనర్ తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. నాకైతే పండగే. నా అనుమానానికి ఇంగ్లీషులో 'బాడీ లాంగ్వేజ్' అని పేరు దొరికింది.

ఒక బంద్ మర్నాడు మూడో అంతస్తులో ల్యాప్‌టాప్ ఒకటి కనిపించలేదు. బంద్ రోజు అక్కడ డ్యూటీ పెద్దాయనదే. పిలిపించాను. కుర్చీ చూపించినా కూర్చోకుండా, చేతులు కట్టుకుని, తల దించుకుని నిలబడ్డారు. ఏమడిగినా "నాకు ఎర్కలేదు సారూ" అన్నదొక్కటే జవాబు. అచ్చం తెర మీది బొమ్మ. 'శరీర భాష అనుమానాస్పదంగా ఉంది' అని రిపోర్టులో రాశాను. వారం తిరక్కుండా ఆయన్ని జీడిమెట్లలోని మా గోడౌనుకు మార్చేశారు. పోను రెండు బస్సులు, రాను రెండు బస్సులు. శిబిరానికి వెళ్లే తీరిక కూడా లేకుండా పోయింది.

ఆ ల్యాప్‌టాప్ తర్వాత రెండో అంతస్తు బీరువాలో దొరికింది. టీమ్ లీడరే పెట్టి మరిచిపోయాడట. ఆ ముక్క చెప్పడానికి మేనేజరు గదికి వెళ్లాను. నేను చెప్తూంటే ఆయన మధ్యలో ఆపి, "ఏంటయ్యా, అంత డిఫెన్సివ్‌గా నిలబడ్డావ్?" అన్నారు. చూసుకుంటే నా చేతులు రెండూ కట్టుకుని ఉన్నాయి. తల వంగి ఉంది. మా బళ్లో అయ్యవారు "చేతులు కట్టుకోండ్రా" అని నేర్పిన నిలబడటం అది. మా ఇంట్లో పెద్దల ముందు అందరం అలాగే నిలబడేవాళ్లం. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది.

జీడిమెట్ల వెళ్లి, తప్పయిపోయిందని చెప్పాను.

"చేతులు ఎందుకు కట్టుకున్నవని అడుగుతే చెప్తుంటి గద సారూ" అన్నారు ఆయన. "మీరు కుర్సీల ఉన్నరు. పెద్దసారు ముందట చేతులు ఇంకేడ పెట్టాలె?"

ఆయన్ని మళ్లీ గేటుకు తెప్పించడానికి నాలుగు నెలలు పట్టింది. వచ్చాక మేనేజరు ముందు ఎప్పటిలాగే చేతులు కట్టుకునేవారు. నా ముందు మాత్రం మళ్లీ ఎన్నడూ కట్టుకోలేదు. రెండు చేతులూ కిందికి వదిలేసి, నిటారుగా నిలబడేవారు. భయమా? కోపమా? నా మీద గౌరవం పోయిందా? ఆయన నన్ను క్షమించారా లేదా అన్నది రెండేళ్లు నన్ను తినేసింది. రోజూ గేటు దాటుతూ ఆ చేతుల వంక చూసేవాణ్ని. ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు.

ఆయన మాత్రం నన్ను చూడటం మానలేదు. ఒకరోజు బైకు పెట్టి మెట్ల దగ్గరికి వెళ్లేసరికి ఆయన వెనకే వచ్చి "ఇంట్ల ఎవరికన్న పానం బాగలేదా సారూ?" అన్నారు. ఆ రోజు మా అమ్మకు ఆపరేషన్. నేనెవరికీ చెప్పలేదు. "గేటు కాన్నుంచి మెట్ల దాక మూడుపార్ల ఆగిండ్రు. పోండ్రి, దవాఖానకు పోండ్రి. ఆఫీసు ఏడికి పోదు" అని నా బైకు ఆయనే తిప్పి పెట్టారు. అమ్మను లోపలికి తీసుకెళ్లే ముందు నేను ఆమె చెయ్యి పట్టుకోగలిగానంటే అది ఆయన చలవే.

పోయిన నెల ఒక మధ్యాహ్నం, జబ్బుపడి దవాఖానలో చేరిన ఆయన్ని చూడటానికి వెళ్లాను. వార్డులో కుర్చీ లేదు. మంచం పక్కన నిలబడ్డాను. నన్ను చూసి కళ్లు మూసుకున్నారు. కాసేపటికి మోచేతి మీద ఆనుకుని, మూలుగుతూ, గోడవైపు జరిగారు. నొప్పికి జరిగారా, నా మొహం చూడలేక జరిగారా? ఇంకో నిమిషం ఆగితే నేనే ఏదో ఒకటి తేల్చేసుకుని బయటికి వచ్చేసేవాణ్ని. కానీ అడిగాను.

"కూర్చోమంటావా పెద్దాయనా?"

"మల్ల దేనికి జరిగిన సారూ?" అన్నారు విసుగ్గా.

ఇరుకు ఇనప మంచం. ఆయన వీపు గోడకు ఆనుకుపోయి ఉంది. ఇవతల, దుప్పటి పక్కకు లాగి, ఒక మనిషి కూర్చునేంత చోటు వదిలారు.