ఐసు కన్నా ముందొచ్చిన డబ్బాలు

మా నాన్నమ్మ కాసులమ్మ జీవితంలో ఒక్కసారే అధ్యక్షురాలైంది. ఆ మాటెత్తితే ఇప్పటికీ ఛీ అని ఉమ్మేస్తుంది.

శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి, సముద్రం అవతలి దీవుల్లోని జంగ్లీఘాట్ రేవుకు కాపురానికొచ్చి, చేపలమ్మి మా నాన్నను పెంచింది. అప్పట్లో ఆడవాళ్లు నెత్తిన తట్టలతో అబర్డీన్ బజార్‌కు నడిచేవారు. మధ్యాహ్నానికి సగం చేప చెడేది. అందుకని నాన్నమ్మ అధ్యక్షురాలిగా ఉన్న వాళ్ల సంఘం తట్టలు మాని ఐసు డబ్బాలకు మారాలనుకుంది. ఆ మార్పు నడిపించడానికి కన్నారావు అనే ప్రోగ్రాం ఆఫీసరు వచ్చాడు. ముందు ఐసు ఏర్పాటు, తర్వాత నలుగురితో పరీక్ష, ఆ తర్వాతే అందరికీ డబ్బాలు అన్నాడు.

"సెడితేనో, వొదినా?" అని అడిగింది కాళమ్మ. రోజూ నాన్నమ్మ పక్కనే కూర్చుని అమ్మే మనిషి.

"సెడితే నన్నడుగు. నా మాట మీద తట్ట వొదిలెయ్యండి" అంది అధ్యక్షురాలు.

ఇంతలో ఓడలో నీలం డబ్బాలు దిగాయి. వాటి మెరుపు చూశాక నాన్నమ్మ ఆగలేదు.

"పంచేద్దాం బాబూ. ఐసు ఎనకాల వస్తాది."

"అలా ముందువెనకలు చేస్తే పనంతా పోతుంది, దీదీ" అన్నాడు కన్నారావు. కానీ పైఆఫీసరు చూడ్డానికి వస్తున్నాడని తెలియగానే ఆయనా మెత్తబడ్డాడు. దండలేశారు, ఫోటోలు తీశారు. తట్టలు విరిచి పొయ్యిల్లో పెట్టారు.

ఐసు మాత్రం రాలేదు. ఫ్యాక్టరీతో ఇంకా మాటే కుదరలేదు. మూత బిగించిన డబ్బాల్లో చేప ఎండకు ఉడికింది. బజారులో మూతలు తీస్తే బూడిదరంగు నురగ, జారిపోయిన కళ్లు, వేలు పెడితే ఊడొచ్చే కండ. కొనడానికొచ్చినావిడ ఒకతె అక్కడే కక్కుకుంది.

రేవుకు తిరిగొచ్చాక నాన్నమ్మతో ఒక్కరూ మాట్లాడలేదు. ఆ కుళ్లు పూడ్చాలి, ఎవరూ ముట్టరు. మా రేవులో పంపకం తేలకపోతే కుప్పలు పోస్తారు. ఒకరు వాటికి వీపు తిప్పి, చూడకుండా ఒక్కో కుప్పకూ ఒక పేరు పిలుస్తారు. పేరొచ్చిన వాళ్లు ఆ కుప్ప తీసుకోవాల్సిందే, ఎదురు చెప్పకూడదు. కాళమ్మ ఆ కుళ్లంతా కుప్పలు పోయించి, కన్నారావును వెనక్కి తిప్పింది.

"పిలు భయ్యా. నువ్వు సెప్పిందల్లా ఇన్నాం గదా, ఇదీ ఇంటాం."

"అన్నిటికీ నా పేరే పిలు" అంది నాన్నమ్మ.

కన్నారావు తలొంచుకుని "కాసులమ్మ" అన్నాడు. రెండో కుప్పకూ అదే. చివరిదానికి "కన్నారావు" అని, చొక్కా చేతులు మడిచాడు.

ఇద్దరూ గొయ్యి తవ్వారు. నాన్నమ్మ కక్కుకుంటూ, "థూ, పెసిడెంటు మొకం!" అని తనను తానే తిట్టుకుంటూ పూడ్చింది.

తర్వాత కన్నారావును వెంటేసుకుని ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో కూర్చుంది. మాట కుదిరేదాకా లేవలేదు. ఈసారి మొదటి డబ్బా తనే మోసింది. ఆమె చేప తాజాగా అమ్ముడవడం చూశాక ఒక్కొక్కరే డబ్బా పట్టారు. కాళమ్మ మాత్రం దూరంగా కూర్చునేది.

ఒకరోజు ఆవిడే వచ్చి, నాన్నమ్మ డబ్బాలో తల దూర్చి గట్టిగా వాసన పీల్చింది.

"కంపు లేదే!"

"ఉంటే అది నీ ముక్కుదే, వొదినా" అని నాన్నమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది.