మొదటి బెంచీ

స్టూడియోలో అందరూ ఆమెను డ్రమ్ము అనే పిలుస్తారు. వయసు ఇరవై ఏడు. పదకొండు కామెడీ సినిమాల్లో పదో తరగతే చదివింది, ప్రతిసారీ చివరి బెంచీలో చిప్స్ తింటూ. గుండీలు పిటపిటలాడితే జనం నవ్వుతారని కాస్ట్యూమరు ఆమెకు ఒక సైజు తక్కువ యూనిఫాం ఇస్తాడు. ఆమె పర్సులోంచి సూదీ దారం తీసి, కుట్లు విప్పి వదులు చేసుకుని, కుర్చీ నిండా హాయిగా కూర్చుంటుంది.

మొన్న క్లాసు సీను తీశారు. మాస్టారు లెక్క అడగ్గానే ఆమె కంగారుపడి చిప్స్ ఒలకబోయాలి, అందరూ పకపకా నవ్వాలి, హీరో డైలాగు చెప్పాలి. పదమూడుసార్లు ఒలకబోసింది, పదమూడుసార్లూ హీరో తడబడ్డాడు. పద్నాలుగోసారి ఆమె ప్యాకెట్టు పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, బోర్డు దగ్గరకెళ్లి లెక్క చేసేసింది. ఆ విస్తుపాటులో హీరో డైలాగు గడగడా చెప్పేశాడు.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు డైరెక్టరు.

"లెక్క అడిగారు కదండీ, చేశాను."

ఇంకో టేకంటే తలప్రాణం తోకకొస్తుందని ఆయన ఓకే అనేశాడు. సీనుకూ సీనుకూ పొంతన చూసే అసిస్టెంటు అక్క పుస్తకంలో రాసుకుంది: 'ఈ పిల్లకు లెక్కలొచ్చు.'

ఇక పరీక్ష సీనులో హీరో కాపీ కొట్టాలంటే ఆమె పక్కనే కూర్చోవాలి. ఆమెను హీరో కూర్చునే మొదటి బెంచీకి మార్చారు. కెమెరా తిరుగుతుండగా హీరో మెడ చాచి, "కాస్త చూపించవే" అన్నాడు.

ఆమె పేపరు మీద అరచెయ్యి బోర్లించింది. "చదువుకుని రావాల్సింది, బాబూ."

అది స్క్రిప్టులో లేని మాట. లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా పకపకా నవ్వారు, హీరోని చూసి.