పైవరుసలో రాయొద్దన్న సారు

మా కంప్యూటర్ సారు బుధవారం ఉదయం ఎమ్మిగనూరులో పోయారు. గుండెపోటు. ఆయన అద్దెకున్న ఇంటి యజమాని ఫోన్ చేస్తే ఆదోని నుంచి బయలుదేరాను. మధ్యాహ్నానికి దహనం అయిపోయింది. సాయంత్రం ఆరుకు మేమిద్దరం నడిపే వార్తల వెబ్‌సైట్ పేజీలు వెళ్లాలి. ఆరేళ్లలో ఒక్కరోజూ ఆగలేదు. ఆయన లేకుండా వాటిని నేనెప్పుడూ తయారు చేయలేదు.

ఆదోని వార్తలు నావి, ఎమ్మిగనూరువి ఆయనవి. వార్తలను పేజీలుగా మార్చే బిల్డ్ ఫైల్ సారే రాశారు. ఒక్క ఆదేశంతో రెండు ఊళ్ల పేజీలూ తయారవుతాయి. శీర్షిక, అంచు రంగు లాంటివి అందులో వేరియబుల్స్, అంటే రోజూ మార్చుకునే విలువలు. ఒక ఊరి భాగంలో లోకల్‌గా రాస్తే అక్కడికే చెల్లుతాయి. ఫైలు పైవరుసలో రాస్తే రెండు ఊళ్లకూ పోతాయి.

ఒకసారి ఆదోనిలో ఒక హమాలీ చనిపోతే, తొందరలో 'నివాళి' అన్న శీర్షిక, నల్ల అంచు పైవరుసలో రాశాను. ఎమ్మిగనూరు పేజీలో ఆరోజు కొత్త చీర నేసిన నేతన్న ఫొటో ఉంది. మరునాడు నేను సారు గదిలో ఉండగానే అతను వచ్చాడు.

"నేనెప్పుడు సచ్చినాను సారూ? మా బామ్మర్ది గుంతకల్లులో పూలదండ కొని బస్సెక్కినాడు!"

"తప్పు నాదేనప్పా. కూర్చో, టీ తాగు" అన్నారు సారు. నా వైపు చూడలేదు.

"సరేలే. దండ ఎట్లాగూ వస్తాంది, మగ్గానికేస్తా" అని అతను టీ తాగి వెళ్లాడు.

అప్పుడు నాతో అన్నారు: "ఒక మగ్గం దారం పక్క మగ్గానికి సుట్టుకుంటే, యాడ తెగిందో ఎట్ల తెలుస్తాది? ఆదోనిది ఆదోనిలోనే పెట్టప్పా."

బిల్డ్ అయ్యాక ప్రతి పేజీ తెరిచి, ఊరి పేరుతో సహా పైకి చదివేవారు. "అయిపోయిందంటే నమ్మొద్దు. తెరిచి సూడు" అనేవారు. ఒక్కసారైనా ఒంటిగా చెయ్యమంటే, "మీరున్నారు కదా సార్" అని తప్పించుకునేవాణ్ణి.

ఆ బుధవారం ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఆయన మరణవార్త, నల్ల అంచు ఎమ్మిగనూరు భాగంలోనే రాశాను. బిల్డ్ చేస్తే తప్పేమీ రాలేదు. రెండు పేజీలూ తెరిచి, ఖాళీ గదిలో పైకి చదివాను. ఆరుకు ముందే పంపాను.

ఆదోని బస్సులో పక్కసీటులో ఒకతను తన ఫోన్‌లో నల్ల అంచు లేని మా ఆదోని పేజీ చూస్తున్నాడు. ఇంటికి ఫోన్ చేశాడు.

"రేపు పొద్దున నీళ్లొస్తాయంట. బిందెలు కడిగి పెట్టు."

ఫోన్ జేబులో పెట్టుకుని, కిటికీ కమ్మీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.