కన్ను చూసుకుంటుంది

పున్నమ్మకు వచ్చిన పని అచ్చు అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా దాని కొసలకు కలపాలి. ముడి వెయ్యకూడదు. బొటనవేలికీ చూపుడువేలికీ కాస్త బూడిద రాసుకుని మెలిపెడితే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పెడనలో పున్నమ్మ అతికిన అచ్చు నేతలో ఊడదని పేరుండేది.

మగ్గాలు మూలపడ్డాక ఆమె భర్త వీరభద్రయ్య కొండపల్లి దగ్గర ఒక గోడౌన్‌కు కాపలాదారుగా కుదిరాడు. ఆమె ఆ పక్కనే బూడిద ఇటుకల యార్డులో చేరింది. థర్మల్ స్టేషన్ నుంచి టిప్పర్లలో వచ్చే బూడిదను సిమెంటుతో కలిపి, ఇనుప అచ్చుల్లో పోసి, ప్రెస్సు మిషన్‌తో నొక్కితే ఇటుక. అక్కడా అచ్చే, ఇక్కడా అచ్చే. అక్కడా బూడిదే, ఇక్కడా బూడిదే, నా రాత మారలేదని ఆమె నవ్వేది.

కానీ ఆ దసరాకు రాత మారబోతోంది. పెడనలో తన మామగారి మగ్గాలను మళ్ళీ ఆడిస్తున్న, వరసకు కోడలయ్యే ధనశ్రీ ఫోన్ చేసింది. అచ్చులు అతికేవాళ్ళు దొరకడం లేదు, వచ్చెయ్యమంది. దీపావళి వెళ్ళాక వస్తానని పున్నమ్మ మాటిచ్చింది. అందుకు ఆమెకు కావలసినవి రెండు వేళ్ళు.

యార్డులో ఆమె పని అచ్చుల మూలల్లో ఎక్కువైన బూడిదను చేత్తో తీసి చదును చెయ్యడం. ఆమె చెయ్యి తీశాక మిషన్ మీదుండే దుర్గాశంకర్ బటన్ నొక్కుతాడు, పైనుంచి పలక దిగుతుంది. పొరపాటున చెయ్యి లోపలే ఉంటే మిషన్ ఆగిపోవడానికి అచ్చులకు అటొకటి ఇటొకటి చిన్న డబ్బాలు బిగించారు. ఐఆర్ సెన్సర్. ఒక డబ్బా నుంచి కంటికి కనపడని కాంతి బయల్దేరి రెండోదాన్ని చేరుతుంది. దారిలో చెయ్యి అడ్డొస్తే కాంతి అందదు, పలక దిగదు. యార్డులో అందరూ దాన్ని కన్ను అనేవారు.

మిషన్ ఉన్నది రేకుల కప్పు కింద. గోడల్లేవు, పడమర అంతా బయలే. మధ్యాహ్నం దాటాక ఎండ నేరుగా రెండో డబ్బా మీద పడుతుంది. ఎండలోనూ ఆ కనపడని కాంతి ఉంటుంది. అది చాలినంత పడితే, చెయ్యి అడ్డున్నా కాంతి అందుతూనే ఉందని డబ్బా అనుకుంటుంది. బెజవాడ ఆటోనగర్ నుంచి వచ్చి కన్ను బిగించిన నతానియేలుకు ఈ సంగతి తెలుసు. అందుకే డబ్బా ముందు జానెడు పైపు ముక్క తొడిగి, దాని లోపలంతా దీపం మసి పట్టించాడు. పక్కనుంచి దూరే ఎండను ఆ నలుపు మింగేస్తుంది. దీన్ని తీయకండి అని చెప్పి వెళ్ళాడు. నలుపు ఎందుకో చెప్పలేదు.

వాళ్ళు తీయలేదు.

ఆయుధపూజ నాడు మిషన్ కడిగారు. పసుపు రాశారు, బొట్లు పెట్టారు, నిమ్మకాయ కట్టారు. పూజ చేసిన మిషన్ మీద మసిగొట్టంలా ఆ పైపొకటి. పండగపూట నల్లటిదేంటి, అశుభం అంది పున్నమ్మ. గేటుకు వేయగా మిగిలిన వెండిరంగు ఉంది. పైపును ఊడదీయకుండానే మసి తుడిచి, రంగు వేసింది. బయట వేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ నేతింటి మనిషి. బట్టను తిరగేసి చూసి బేరమాడేవాళ్ళ మధ్య పెరిగింది. బ్రష్ లోపలికి తోసి, కనపడని చోట కూడా వేసింది.

"లోపలెవరు చూస్తారు పిన్నీ?" అన్నాడు దుర్గాశంకర్.

"నీలాంటోడే రేపు తొంగిచూసి వంకపెడతాడు."

కన్ను బిగించిన నాటినుంచీ రోజూ పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు కన్ను దగ్గర కర్ర అడ్డుపెట్టి చూసేవాళ్ళు. మిషన్ ఆగేది. పొద్దుట ఎండ తూర్పున ఉంటుంది కనుక ఎప్పుడూ ఆగేది. ఆ నమ్మకంతోనే దుర్గాశంకర్ ఆమె చెయ్యి వంక చూడకుండా బటన్ నొక్కడం అలవాటు చేసుకున్నాడు. పని తొందరగా సాగుతుంది. ఆమె వారిస్తే, "కన్ను చూసుకుంటుందిలే పిన్నీ" అనేవాడు. కొన్నాళ్ళకు ఆమె వారించడం మానేసింది.

పండగ వెళ్ళిన వారంలో, పొద్దు వాలుతుండగా, ఆమె మూల చదును చేస్తోంది. అతను నొక్కాడు. వెండిరంగు మీద పడ్డ ఎండ మెరిసి డబ్బాలోకి వెళ్తోంది. పలక ఆగలేదు.

బెజవాడ పెద్దాసుపత్రిలో కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తీసేశారు.

యార్డు యజమాని రామకోటేశ్వరరావు మర్నాడు పొద్దున్నే నతానియేలును పిలిపించాడు. కర్ర పెట్టారు, మిషన్ ఆగింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ ఆగింది. పైపు ఉన్నచోటే ఉందని చూసుకున్నాడు గాని నతానియేలు లోపలికి తొంగిచూడలేదు. మిషన్‌లో లోపం లేదు, ఆవిడే ఏమరుపాటుగా ఉంది అని తేల్చారు. మధ్యాహ్నానికి ఇటుకలు మళ్ళీ మొదలయ్యాయి.

దుర్గాశంకర్‌కు అది మింగుడుపడలేదు. సాయంత్రం అందరూ టీకి వెళ్ళినప్పుడు కర్ర అడ్డుపెట్టి బటన్ నొక్కాడు. కర్ర విరిగింది. పైపులోకి వంగి చూశాడు. లోపల అద్దంలా తళతళలాడుతోంది.

ఆమె తప్పు లేదని చెప్పాలని యజమాని దగ్గరకు వెళ్ళాడు. అంతా విన్నాక ఆయన అడిగింది ఒక్కటే.

"రంగేసింది ఎవరు?"

దుర్గాశంకర్ చెప్పాడు.

"అయితే ఆవిడ చేసుకున్నదేగా."

ఏమరుపాటు అనే మాట పోయింది. దాని చోట ఇంకో మాట వచ్చింది. మర్నాడు పైపు లోపల మళ్ళీ మసి పట్టించారు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన పున్నమ్మను చూడడానికి దుర్గాశంకర్ వెళ్ళాడు. వీరభద్రయ్య డ్యూటీలో ఉన్నాడు. మంచం దగ్గర నిలబడే పైపు సంగతి చెప్పాడు.

"నల్లగా ఉంచాలని నతానియేలు చెప్పాడా?" అని అడిగింది పున్నమ్మ.

"తీయొద్దన్నాడు. అంతే."

"మనమూ అడగలేదు." అందామె. "నువ్వు చూసి నొక్కాల్సింది శంకరం."

అతను తలొంచుకున్నాడు. ఆమె పోనీలే అనలేదు.

అతను వెళ్ళాక చీర కొంగు అంచు నుంచి రెండు పోగులు పళ్ళతో లాగింది. వాకిట్లో యార్డు నుంచి ఎగిరొచ్చి పేరుకున్న బూడిదను ఎడమచేతి వేళ్ళకు అద్దుకుని మెలిపెట్టింది. పట్టుకోలేదు. ఎడమచేతికి ఆ పని ఎప్పుడూ నేర్పలేదు. మళ్ళీ మెలిపెట్టింది. ఈసారి పట్టుకున్నట్టే ఉంది గాని, పంటితో ఒక కొస పట్టి లాగితే జారిపోయాయి.

దీపావళి వెళ్ళాక ధనశ్రీ ఫోన్ చేసింది. మగ్గం మీద పడుగు అయిపోవచ్చింది, ఎప్పుడొస్తున్నావు అత్తా అని.

పున్నమ్మ ఫోన్‌ను ఎడమచేతిలోకి మార్చుకుంది.

"వేరేవాళ్ళని చూసుకోమ్మా," అంది.