మూడో కాటా మొర

ఉదయం ఏడు ఇరవైకి చియెన్ సుచిన్ మత్స్యకారుల సంఘం ఆఫీసు తలుపు తీసి, కంప్యూటర్ తెర కంటే ముందు దాని మీద పెట్టిన చిరుతిండి ప్యాకెట్ తేదీ చూసింది. గడువు మార్చిలోనే అయిపోయింది. ఇప్పుడు మే.

"ఇంకేం, అందుకే కంప్యూటర్ అలిగింది," అన్నాడు వెనకాలే వచ్చిన పడవ యజమాని యూ మింగ్‌ఫా. ఆ చిరుతిండి పేరుకే 'బుద్ధిగా ఉండు' అని అర్థం; మా రేవులో కంప్యూటర్ బుద్ధిగా పనిచేయాలంటే దాని ఆకుపచ్చ ప్యాకెట్ మీద ఉండాలని నమ్మకం. పసుపుది పనికిరాదు, పాతది అసలే పనికిరాదు.

తెర మీద ఎమర్జెన్సీ మోడ్ అని ఉంది, అంటే కంప్యూటర్ పూర్తిగా లేవలేదు. వేలం తొమ్మిదికి. కాటాలన్నీ ఆ కంప్యూటర్‌కే కట్టి ఉన్నాయి. తూకం పడకపోతే కొనేవాళ్లు లారీలు పక్క రేవుకు తిప్పేస్తారు. మింగ్‌ఫా తెచ్చిన ఎనభై పెట్టెల కానాగంత చేపల మీద మంచు కరుగుతోంది.

"ప్యాకెట్ మార్చమ్మా, అదే లేస్తుంది."

"మారుద్దాంలే అన్నా. ఎందుకు పడిందో చూడనీ."

పదకొండేళ్లుగా ఆ గదికి ఆమే దిక్కు. బాగా నడుస్తున్న యంత్రాన్ని తాకకూడదని సంఘంలో కట్టుబాటు. అందుకే యంత్రం రోజూ రాసుకునే చిట్టాలు, ఆ పాత లాగ్‌లు ఆమె ఏనాడూ తుడవలేదు. ఇప్పుడు తెర వెనక జరిగేదంతా రాసిపెట్టే లాగ్ సర్వీసే లేవడం లేదు. లాగ్‌లు దాచే డిస్కు ఊడిపోయి ఉంది. బాగుచేసి తగిలించింది. సర్వీసు లేచినట్టే లేచి మళ్లీ పడింది. డిస్కులో ఒక్క అక్షరానికీ చోటు లేదు. చివరి పేజీలు తెరిచింది. సెకనుకోసారి ఒకటే వాక్యం: మూడో కాటా పలకడం లేదు.

ఇద్దరూ వెళ్లి చూశారు. మూడో కాటా ప్లగ్గు కింద వేలాడుతోంది. దాని చోట టీ కెటిల్ ప్లగ్గు ఉంది.

"ఇదెవరిదన్నా?"

మింగ్‌ఫా గొంతు సవరించుకున్నాడు. "చలికాలం కదమ్మా... ఈ కాటా ఎవరూ వాడట్లేదని..."

"నాలుగు నెలలుగా పాపం కంప్యూటర్ నీ మీద ఫిర్యాదు రాస్తూనే ఉంది."

"మరి చెప్పొచ్చుగా?"

"చెప్పింది. నేనే చదవలేదు."

సుచిన్ కాటా ప్లగ్గు మళ్లీ పెట్టి, పాత లాగ్‌లు తుడిచి సర్వీసు మొదలుపెట్టింది. ఈసారి నిలబడింది. కంప్యూటర్ మళ్లీ లేచేసరికి మింగ్‌ఫా చంకలో కెటిల్, చేతిలో కొత్త ఆకుపచ్చ ప్యాకెట్‌తో వచ్చాడు.

"తేదీ చూశావా?"

"రెండుసార్లు."

ఎనిమిది నలభై ఆరుకి అతను తన మొదటి పెట్టెను మూడో కాటా మీదే పెట్టాడు. ఇరవై రెండు కిలోల నాలుగు వందల గ్రాములు.