పొడుగు తూటా పట్టని రివాల్వర్

మధ్యాహ్నానికి మా ట్రక్కు ఆ పశువుల ఫారం చేరింది. న్యూ సౌత్ వేల్స్‌లో ఉత్తరం కొస. వరద తీసింది. మోకాల్లోతు బురద, పైన ఎండ, కుళ్లు కంపు. ఆర్మీ అనగానే తుపాకులే అనుకుంటారు మీరంతా. మా చేతుల్లో పారలు, బకెట్లు. వరద సాయానికొచ్చినోళ్లకి ఆయుధాలెందుకిస్తారండీ!

ఫారం పెద్దావిడ, డెబ్బై దాటుంటాయి, మమ్మల్ని నేరుగా షెడ్డు వెనక్కి తీసుకెళ్లింది. బురదలో ఆవు. వెనక కాళ్లు రెండూ విరిగిపోయాయి. ఆ అరుపు వినలేం బాబోయ్! రోడ్డు తెగింది, పశువుల డాక్టరు రాలేడు. చనిపోయిన భర్త రివాల్వర్ ఆవిడ చేతిలో ఉంది.

"తూటా లోపలికి పోవట్లేదు" అంది.

సార్జెంట్ దాన్ని నాకిచ్చాడు. మా దళంలో ఆయుధాలు బాగుచేసే పని నాది. తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్ తెరవగానే అర్థమైంది. అందులో పొట్టి తూటాలూ పేలతాయి, పొడుగువీ పేలతాయి. ఆవిడ భర్త ఏళ్ల తరబడి పొట్టివే కాల్చాడు. పొట్టి తూటా మూతి ఆగే చోట, తూటా దూరే ప్రతి గదిలోనూ మసి ఉంగరంలా గట్టిపడింది. ఇప్పుడు మిగిలినవి పొడుగువి. అవి మసి దగ్గరే ఆగిపోతున్నాయి. సిలిండర్ మూసుకోదు.

"సుత్తితో కొట్టి దింపెయ్యరాదూ?" అన్నాడు డ్రైవర్.

"నీ తల మీద కొడతా. పోయి నూనె తే."

ఆ పోయినాయన పెట్టెలో ఇత్తడి బ్రష్ దొరికింది. తోముతున్నా. ఆవు అరుస్తోంది. శుక్రవారం శుక్రవారం ఆవు బొమ్మకి బొట్టు పెట్టే ఇల్లు మాది. ఆవుని చంపడానికి తుపాకీ తోముతున్నాను! నాకు ఏడుపు ఆగలేదు.

"ఒక్క గది చాలురా, త్వరగా" అన్నాడు సార్జెంట్.

"రెండు చేస్తా సార్. మొదటిది గురి తప్పితే, మళ్లీ తోమేదాకా అది అరుస్తూ ఉండాలా?"

రెండు గదుల్లోనూ తూటాలు చివరిదాకా జారాయి. సిలిండర్ మూసుకుంది. సార్జెంట్ చెయ్యి చాపాడు. ఆవిడ అడ్డొచ్చింది.

"దూడప్పుడు సీసాతో పాలు పట్టి పెంచాను. నేనే చేస్తాను."

రెండో తూటా అక్కర్లేకపోయింది.

పని ముగించుకుని టార్నీట్‌లో మా ఇంటికొచ్చాను. "అక్కడేం చేశావురా?" అనడిగింది అమ్మ. "బురద ఎత్తిపోశాం" అన్నాను.

కాల్చే ముందు ఆవిడ వంగి, ఎడంచేత్తో ఆవు కళ్ల మీది బురద తుడిచింది. అది అరుపాపి, ఆ చెయ్యి నాకింది.